బాపు రిటైర్మెంట్‌కు స్క్రాప్‌బుక్ డెస్క్ క్యాలెండర్: అట్ట వంగకుండా, పేజీలు ఒకదానికొకటి తట్టుకోకుండా చేసే పద్ధతి

ప్రశ్న: మాది హనుమకొండ. మా బాపు ఆర్టీసీలో కండక్టర్, ఈ డిసెంబర్ నెలాఖరుకు రిటైర్ అవుతున్నారు. పాత ఫోటోలు, బస్ టికెట్లు పెట్టి 2027 సంవత్సరానికి టేబుల్ క్యాలెండర్ ఒకటి చేతితో చేసి ఇద్దామనుకున్నాను. ట్రయల్‌గా మూడు నెలల పేజీలు చేసి చూశాను. స్టాండ్ అట్ట వంగిపోయింది. పేజీ తిప్పుతుంటే ఒకదానికొకటి తట్టుకుంటున్నాయి. నిలబెడితే కాసేపటికి కాళ్లు జారి పడిపోతోంది. ఫెవికాల్, డబుల్ సైడ్ టేప్, ఫోమ్ టేప్ అన్నీ వాడాను. మొదటి నుంచి ఎట్లా చేయాలో ఎవరైనా చెప్తారా?

సమాధానం:

చెల్లె, మీరు చెప్పిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం మందం దగ్గరే మొదలవుతున్నాయి. స్క్రాప్‌బుక్ వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లు ఎక్కువగా ఆల్బమ్ పేజీ చేయడం నేర్చుకుంటారు. ఆల్బమ్ పేజీ మీద పొర మీద పొర ఎంత పేర్చినా నడుస్తుంది. దాన్ని పండుగకో పబ్బానికో తీసి చూసుకుని మళ్లీ బీరువాలో పెట్టేస్తాం. టేబుల్ క్యాలెండర్ ఏడాదంతా నిలబడాలి, ఫ్యాన్ గాలికి ఆగాలి, నెలకోసారి తిరగాలి, గడిలో పెన్నుతో రాస్తే సిరా పట్టాలి. నేను ఇవి చేసి ఇచ్చేటప్పుడు రంగులు, పూలు అన్నీ తర్వాత. ముందు స్కేలు పట్టుకుని మందం లెక్క వేస్తాను. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

250 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెప్పే కొలత) కార్డు షీటు సుమారు 0.3 మి.మీ. మందం ఉంటుంది. దాని మీద స్టూడియోలో కడిగించిన ఫోటో పెడితే ఇంకో 0.25 మి.మీ. ఫోటో చుట్టూ అంచు కనబడేలా వెనక రంగు కార్డు పెడితే మరో 0.3. మధ్యలో ఫోమ్ టేప్ వేస్తే 2 మి.మీ. అంటే ఒక్క పేజీ దాదాపు 3 మి.మీ., పన్నెండు నెలలకు 34 మి.మీ. దాకా అవుతుంది. అంత మందానికి రింగు వేసినా పేజీలు విసనకర్రలా విచ్చుకుంటాయి. మీకు తట్టుకుంటున్నది అందుకే. అదే ఫోటోను 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్ మీద లేజర్ ప్రింట్ తీయించండి. వెనక 120 జీఎస్ఎం రంగు కాగితం పెట్టండి. ఫోమ్ పూర్తిగా మానేయండి. పేజీ మందం 0.55 మి.మీ. దగ్గర ఆగుతుంది. పన్నెండు నెలలు, కవరు కలిపినా 7 మి.మీ. లోపే. చూసేవాళ్లకు పొరలు కనబడతాయి, చేతికి బరువు తెలియదు.

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్తాను. ఏ5 సైజులో, అంటే 210 × 148 మి.మీ.లో, 250 జీఎస్ఎం షీటు ఒకటి సుమారు 8 గ్రాములు. 13 షీట్లకు 100 గ్రాములు. 2 మి.మీ. గ్రే బోర్డుతో, అంటే బూడిదరంగు గట్టి అట్టతో, చేసిన స్టాండ్ కూడా దాదాపు అంతే తూగుతుంది. ఆ రెండూ సమానంగా ఉన్నంతవరకు భయం లేదు. ఫోటో కార్డులు, లోహపు బొమ్మలు, గుండీలు అంటించి పేజీల బరువు రెట్టింపు చేశాక స్టాండ్ మీద నెపం వేయలేం.

డబ్బు పెట్టి కొనాల్సినవి తక్కువే. కట్టర్, స్టీలు స్కేలు, కింద వేసుకోవడానికి కటింగ్ మ్యాట్, సిరా అయిపోయిన బాల్‌పెన్ను, ఒక దబ్బనం, అర అంగుళం బ్రష్షు. మడత గీత పడటానికి ఖాళీ బాల్‌పెన్ను చాలు, బోన్ ఫోల్డర్ కోసం వెతకాల్సిన పని లేదు. కట్టర్ బ్లేడు మాత్రం మొండికేసే దాకా వాడకండి. బ్లేడు మొన విరిచి కొత్తది తీసుకుంటే అంచు శుభ్రంగా తెగుతుంది.

ఇప్పుడు చాలామంది చివర్లో చేసే పనిని మీరు ముందే చేయాలి. అదే రంధ్రాలు. పేజీలన్నీ అలంకరించాక బైండింగ్ షాపుకు తీసుకెళ్తే, మిషన్‌లో పెట్టగానే ఫోటో అంచు నలుగుతుంది, పైన అంటించిన కాగితం చిరుగుతుంది. అందుకని ఖాళీ షీట్లు 13, స్టాండ్ అట్టలు రెండు తీసుకెళ్లి ముందుగా పంచింగ్ మాత్రమే చేయించుకోండి. వైరు తర్వాత వేయిస్తామని చెప్పండి. మామూలు ప్లాస్టిక్ స్పైరల్ వద్దు, వైరో (జంట తీగ రింగుల బైండింగ్) అని అడగండి. వైరోలో పేజీ పూర్తిగా వెనక్కి తిరిగి, ముందున్న పేజీలతో సమంగా నిలబడుతుంది. స్పైరల్‌లో పేజీ కొద్దిగా పక్కకు జరుగుతుంది. ప్రాజెక్టు రిపోర్టులు బైండ్ చేసే షాపుల్లో వైరో ఉంటుంది. ఎన్ఐటీ వైపు, కాకతీయ యూనివర్సిటీ వైపు ఉన్నవాటిల్లో అడిగి చూడండి.

షాపులో ఇంకో మాట తేల్చుకోండి. అంగుళానికి మూడు రంధ్రాలు పడే మిషన్ అయితే వైరు 14.3 మి.మీ. వ్యాసం వరకే వస్తుంది. అంతకంటే పెద్ద వైరు కావాలంటే అంగుళానికి రెండు రంధ్రాల మిషన్ ఉండాలి. పంచింగ్ అయ్యాక ఇది మార్చలేం. మన లెక్కలో పేజీలు 7, రెండు అట్టలు 4, మొత్తం 11 మి.మీ. కాబట్టి మూడు రంధ్రాల పద్ధతిలో పెద్ద వైరు సరిపోతుంది. 2 మి.మీ. అట్ట వాళ్ల మిషన్‌లో దిగకపోతే బలవంతం చేయించకండి. 1 మి.మీ. అట్టలు తీసుకుని, పైన 15 మి.మీ. వదిలి మిగతా భాగానికి రెండో పొర అంటించుకుంటే పంచింగ్ దగ్గర పలుచగా, కింద గట్టిగా ఉంటుంది. వైరో దొరకనే లేదంటే రెండు బుక్ రింగులతో కూడా అవుతుంది. అప్పుడు రంధ్రాలు పై అంచు నుంచి కనీసం 8 మి.మీ. లోపలికి ఉండాలి. లేకపోతే ఏడాది తిరగకముందే చిరుగుతాయి.

పేజీని ఎట్లా పంచుకోవాలో చెప్తాను. వెడల్పు 210 మి.మీ. తేదీల గళ్లకు ఒక్కోటి 18 మి.మీ. వెడల్పు చొప్పున ఏడింటికి 126. ఎడమ అంచు 8, ఫోటో 62, మధ్య ఖాళీ 6, కుడి అంచు 8. సరిగ్గా సరిపోయింది. గడి ఎత్తు 15 మి.మీ. పెట్టండి. పై అంచు నుంచి 15 మి.మీ. వరకు రంధ్రాల స్థలం, అక్కడ ఏదీ అంటించకూడదు.

వరసలు ఐదు చాలనుకుని గీతలు గీస్తే 2027లో ఇరుక్కుంటారు. ఆదివారంతో వారం మొదలుపెడితే జనవరి, మే, అక్టోబర్ నెలలకు ఆరు వరసలు కావాలి. జనవరి 1 శుక్రవారం, కాబట్టి 31వ తేదీ ఆదివారం ఒంటరిగా ఆరో వరసలోకి దిగుతుంది. అక్టోబర్ కూడా అంతే. మే నెల శనివారంతో మొదలవుతుంది, 30, 31 రెండూ కిందికి వస్తాయి. కొందరు ఒకే గడిలో 24/31 అని ఇరికిస్తారు. పెద్దవాళ్లకు ఇచ్చేదాంట్లో అది నాకు నచ్చదు. 31న ఏదైనా రాసుకోవాలంటే చోటుండదు. పన్నెండు నెలలకూ ఆరు వరసలు గీసేయండి. ఆరో వరస ఖాళీగా మిగిలిన నెలల్లో అక్కడ ఒక చిన్న మాట రాసుకోవచ్చు. మన గోడ క్యాలెండర్లలో చాలావాటికి వారాల పేర్లు ఎడమ పక్కన పై నుంచి కిందికి ఉంటాయి. మీ బాపుకు అదే అలవాటైతే అట్లాగే గీయండి, కళ్లకు తేలిక. అంకెలు 14 పాయింట్ కంటే చిన్నవి పెట్టకండి.

తేదీల భాగం ఎప్పుడూ మెరుపు లేని కాగితం మీదే ఉండాలి. గ్లాసీ కాగితం మీద బాల్‌పెన్ను జారుతుంది, జెల్ పెన్ను చేతికి అంటుతుంది. పండుగల తేదీలకు ఒకే పంచాంగం తీసుకుని మొదట పెన్సిల్‌తో రాయండి, ఇంట్లో పెద్దవాళ్లకు చూపించాక సిరాతో దిద్దండి. మారని తేదీలు ఎట్లాగూ తెలిసినవే: జూన్ 2 తెలంగాణ ఆవిర్భావం, సెప్టెంబర్ 9 కాళోజీ జయంతి. వీటి పక్కన మీ ఇంటి తేదీలు వేయండి. బాపు డ్యూటీలో చేరిన రోజు, అమ్మానాన్నల లగ్గం రోజు, మనవల పుట్టినరోజులు. ఇట్లాంటి తేదీలు మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు. నన్నడిగితే ఈ గళ్ల మీద పెట్టే శ్రద్ధ ఫోటోల మీద పెట్టే శ్రద్ధ కంటే ఎక్కువే ఉండాలి.

టికెట్ల గురించి జాగ్రత్తగా వినండి. పాత రోజుల్లో కండక్టర్ చేతి పంచ్‌తో చిల్లు పెట్టి ఇచ్చిన రంగు రంగుల అచ్చు టికెట్లు మీ ఇంట్లో ఉంటే అవి పలుచని కాగితం. తడి జిగురు తగిలితే ముడుచుకుపోతాయి, రంగు కారుతుంది. వాటిని గ్లూ స్టిక్‌తో నాలుగు మూలల్లో మాత్రమే పట్టించండి. ఇప్పుడు కండక్టర్ల చేతిలో ఉండే టికెట్ మిషన్ (టిమ్) నుంచి వచ్చే టికెట్లు వేరు. అది వేడికి నల్లబడే థర్మల్ కాగితం. ఎండ తగిలితే అక్షరాలు వెలిసిపోతాయి. లామినేషన్ చేయిస్తే ఆ వేడికి టికెట్ మొత్తం నల్లగా మారుతుంది. టేపు జిగురు తగిలిన చోట కూడా అచ్చు మాయమవుతుంది. కాబట్టి థర్మల్ టికెట్‌ను కలర్ జిరాక్స్ తీయించి ఆ కాపీనే అంటించండి. అసలుది ఒక కాగితపు కవరులో వేసి చీకటిగా ఉండే చోట దాచండి.

పాత ఫోటోలకూ ఇదే పద్ధతి. నలుపు తెలుపు ఫోటో ఇంట్లో ఒక్కటే కాపీ ఉంటే దాన్ని పేజీకి అంటించడం తప్పు. చిన్న ఫోటో అయితే 600 డీపీఐలో స్కాన్ చేయించి ప్రింటు వాడండి. ఇంక్‌జెట్ ప్రింటుకు ఫెవికాల్ తడి తగిలితే రంగు పాకుతుంది. లేజర్ ప్రింటుకు ఆ బెడద లేదు. మామూలు సెల్లో టేపు పేజీ మీద ఎక్కడా వద్దు. కొన్నాళ్లకు పచ్చబడుతుంది, అంచుల నుంచి జిగురు బయటికి వచ్చి ముందు పేజీని పట్టుకుంటుంది. పేజీల మీద పొడి జిగురు మాత్రమే, అంటే సన్నని డబుల్ సైడ్ టేప్, గ్లూ స్టిక్. ఫెవికాల్ సీసా స్టాండ్ పనికి మాత్రమే తెరవండి.

అలంకరణలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పన్నెండు నెలలకు పన్నెండు రంగులు వద్దు. మొత్తం క్యాలెండర్‌కు మూడు రంగులు ఎంచుకోండి. మీ విషయంలో అవి ఎదురుగానే ఉన్నాయి: బాపు యూనిఫాం ఖాకీ, దాని పక్కన ముదురు ఎరుపు, ఒక పాలమీగడ తెలుపు. బతుకమ్మ నెలలోనో, సంక్రాంతి నెలలోనో పసుపును ఒక్కసారి రానివ్వండి. అప్పుడు ఆ పేజీ తిప్పగానే కన్ను ఆగుతుంది.

రూట్లను వాడుకోండి. కండక్టర్‌కు ఊళ్ల వరస నోటికి వస్తుంది. ఒక నెల పేజీకి పక్క అంచున నిలువు గీత గీసి, హనుమకొండ, ములుగు, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం అని స్టాపులు చిన్న చుక్కలతో రాయండి. ఇంకో నెలకు నర్సంపేట రూటు, ఇంకోదానికి కరీంనగర్ రూటు. గీతకు బదులు దారంతో కుట్టితే ఇంకా బాగుంటుంది. ముందు 5 మి.మీ.కు ఒకటి చొప్పున సూదితో రంధ్రాలు పెట్టుకుని, తర్వాత రెండు పోగుల దారంతో కుట్టండి. రంధ్రం పెట్టకుండా నేరుగా కుట్టితే కార్డు నలుగుతుంది. వెనక ముడి వేయకండి, ముడి ఉబ్బుతుంది. దారం కొనను చిన్న డబుల్ సైడ్ టేప్ ముక్కతో పట్టించి పైన పలుచని కాగితం అంటించండి. దారం కుట్టు చేతికి తగులుతుంది కానీ మందం దాదాపు పెరగదు. అందుకే క్యాలెండర్‌కు నేను ఎక్కువగా నమ్ముకునే అలంకరణ ఇదే.

మేడారం డ్యూటీ చేసిన కండక్టర్ అయితే ఆ పేజీ తప్పకుండా ఉండాలి. మహాజాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి సమయంలో వస్తుంది. 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది కాబట్టి 2027లో మహాజాతర లేదు. అయినా ఫిబ్రవరి పేజీ దానికే ఇవ్వండి. మళ్లీ 2028లో జాతరకు బాపు డ్యూటీ మీద కాకుండా ఇంటివాళ్లతో కలిసి వెళ్తారు కదా, ఆ మాటే అక్కడ రాయొచ్చు. పసుపు, కుంకుమ నిజమైనవి కాగితం మీద చల్లకండి. రాలి ముందు పేజీని, బల్లను మరక చేస్తాయి. ఆ రంగుల కాగితం వాడితే చాలు.

బతుకమ్మ పేజీకి చాలామంది నిజమైన పూలు అంటించాలనుకుంటారు. తంగేడు ఒత్తితే నిలుస్తుంది కానీ రెక్కలు పెళుసుబారతాయి. గునుగు పుట్టుకతోనే పొడి పువ్వు, రంగు చాలాకాలం ఉంటుంది. అయితే కంకి మొత్తం పెడితే లావు. కొన్ని రెక్కలు మాత్రం విడదీసి, పాత న్యూస్‌పేపర్ మడతల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు వేసి రెండు వారాలు కదపకండి. పూర్తిగా ఎండకుండా అంటిస్తే బూజు పడుతుంది. ఇంతకంటే తేలికైన దారి ఒకటుంది. రంగు కాగితాలను పెద్దది నుంచి చిన్నది దాకా సగం చక్రాలుగా కత్తిరించి, ఒక్కో అంచుకు పూల ఆకారపు కోతలు పెట్టి, పొరల అంచులు మాత్రమే ఒకదాని మీద ఒకటి పడేలా పేర్చండి. బతుకమ్మ నిలబడినట్టు కనబడుతుంది. పొరలు మొత్తంగా ఒకదాని కింద ఒకటి లేవు కాబట్టి మందం రెండు కాగితాలు దాటదు.

ఒక పేజీకి వరంగల్ జంపఖానా నమూనా అంచు పెట్టండి. కొత్తవాడ మగ్గాల మీద నేసే ఈ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ మెట్లమెట్ల కోణాల డిజైన్లు కాగితపు పట్టీలకు అతికినట్టు సరిపోతాయి. 4 మి.మీ. పట్టీలు రెండు రంగుల్లో కోసి, ఒకటి పైకి ఒకటి కిందికి అల్లితే అంచు తయారవుతుంది. కాకతీయ కళాతోరణం కావాలంటే నీడ బొమ్మలా ఒకే నల్ల కాగితంలో కత్తిరించండి. సన్నని వివరాల కోసం కట్టర్‌తో కుస్తీ పడకండి, రెండు స్తంభాలు, పైన అడ్డకమ్మీ, వాటి కొసలు స్పష్టంగా వస్తే అందరూ గుర్తుపడతారు.

ఇంట్లో మిగిలిన పెళ్లి పత్రికలు పారేయకండి. ఆ దళసరి కాగితం, బంగారు అంచులు బజారులో కొనే స్క్రాప్‌బుక్ కాగితం కంటే బాగుంటాయి. అంచు పట్టీలు మాత్రమే కోసుకోండి. మొత్తం కార్డు పెడితే మందం మళ్లీ మొదటికి వస్తుంది. ఫాయిల్ మీద, లామినేషన్ మీద నీళ్ల జిగురు పట్టదు, డబుల్ సైడ్ టేప్ వాడాలి. గ్లిట్టర్ రాలేవి పక్కన పెట్టండి.

ఫోటో ప్రతి నెలా ఒకేచోట పెట్టకండి. జనవరిలో ఎడమ పక్కన ఉంటే ఫిబ్రవరిలో కుడి పక్కకు తీసుకెళ్లండి, తేదీలు ఇటు వస్తాయి. చూడటానికి మార్పుగా ఉండటం ఒక లాభం. అసలు లాభం ఏంటంటే లావు అంతా ఒకేచోట పోగుపడదు, పేజీల దొంతర చదునుగా ఉంటుంది.

పేజీ వెనక వైపు కూడా వాడాలనుకుంటే ఒక మెలిక ఉంది. జనవరి మీ బాపు వైపు ఉన్నప్పుడు, ఎదురుగా కూర్చున్నవాళ్లకు కనబడేది జనవరి పేజీ వెనక భాగం కాదు, కవరు పేజీ వెనక భాగం. అంటే జనవరికి సంబంధించిన బొమ్మ కవరు వెనక రావాలి, ఫిబ్రవరిది జనవరి వెనక రావాలి. రెండు వైపులా పై అంచు ఒకటే, రంధ్రాలున్న అంచు. ప్రింటు తీయిస్తే అడ్డం పేజీకి చిన్న అంచు మీద తిప్పమని చెప్పాలి, లేకపోతే వెనక వైపు తలకిందులుగా వస్తుంది. బాపుతో కలిసి పనిచేసిన డ్రైవర్లు, తోటి కండక్టర్ల చేత తలా ఒక వాక్యం రాయించి వెనక వైపు పెట్టొచ్చు. చేతిరాతలోనే ఉంచండి, టైపు చేయకండి.

ఇక స్టాండ్. అట్ట ఎందుకు వంగిందో ముందు చెప్తాను. జిగురు తడికి కాగితం సాగుతుంది. ఆరేటప్పుడు మళ్లీ దగ్గరికి లాక్కుంటుంది, తనతోపాటు అట్టనూ లాగుతుంది. ఒకే వైపు కాగితం అంటిస్తే అట్ట ఆ వైపుకే వంగుతుంది. రెండో వైపు కూడా కాగితం అంటిస్తే రెండు లాగుళ్లూ సమానమై నిటారుగా నిలబడుతుంది. బైండింగ్ పని చేసేవాళ్లు అట్టకు లోపలి కాగితం వేయకుండా వదలరు. దీంతోపాటు కాగితానికి, అట్టకు నార, అంటే లోపలి పీచు సాగే దిక్కు, ఒకటే ఉండాలి. అట్టను రెండు దిక్కులా కొద్దిగా వంచి చూడండి, తేలిగ్గా వంగే మడతకు సమాంతరంగా నార ఉంటుంది.

కొలతలు: 215 × 160 మి.మీ. అట్టలు రెండు, 215 × 80 అట్ట ఒకటి. మీ స్టాండ్ జారింది అంటే అడుగు అట్ట లేదు, లేదా బాగా ఇరుకు అని అర్థం. అడుగు 80 ఉంటే పక్కలు సుమారు 75 డిగ్రీల వాలులో నిలబడతాయి, పేజీల బరువు అడుగు అట్ట లోపలే పడుతుంది. మూడు అట్టలను వరసగా పేర్చండి: 160, 80, 160. మధ్యలో ఒక్కో సందు 5 మి.మీ. 2 మి.మీ. అట్టలు రెండు ఒకదానివైపు ఒకటి మడవాలంటే అంత సందు కావాలి. తగ్గితే మడత దగ్గర గుడ్డ బిగుసుకుని చిరుగుతుంది.

ఆ గుడ్డ బజారులో కొనకండి. అమ్మనడిగి బాపు పాత ఖాకీ చొక్కా ఒకటి తీసుకోండి. వీపు భాగంలో 450 × 255 మి.మీ. ముక్క హాయిగా వస్తుంది, చుట్టూ 20 మి.మీ. లోపలికి మడవడానికి కలిపి చెప్పిన కొలత ఇది. గుడ్డను నేరుగా ఫెవికాల్‌తో అంటిస్తే జిగురు నేత సందుల్లోంచి పైకి వచ్చి మరకలు పడతాయి. ముందు గుడ్డ వెనక తెల్ల పతంగి కాగితం అంటించాలి. మైదా పిండిని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద చిక్కబడే దాకా ఉడికించి చల్లార్చండి. గుడ్డను కొద్దిగా తడిపి, బల్ల మీద ముడత లేకుండా పరిచి, కాగితానికి ఆ జిగురు పలుచగా రాసి గుడ్డ వెనక పరవండి. పూర్తిగా ఆరాక ఒలిచి తీస్తే బైండింగ్ క్లాత్ చేతికి వస్తుంది. రంగు పతంగి కాగితం మాత్రం వద్దు, తడికి రంగు దిగి ఖాకీ మీద పడుతుంది.

అట్టకు ఫెవికాల్ రాసేటప్పుడు కొద్దిగా నీళ్లు కలిపి, బ్రష్షుతో మధ్య నుంచి అంచులకు పలుచగా లాగండి. గుడ్డ వేసి అరచేత్తో మధ్య నుంచి బయటికి రుద్దండి, గాలి బుడగలు పోతాయి. మూలల్లో గుడ్డను ఏటవాలుగా, అట్ట మూలకు ఒకటిన్నర అట్ట మందం దూరంలో కత్తిరించి మడవండి. మూలకు ఆనించి కోస్తే అట్ట బయటపడుతుంది. లోపలి కాగితం మూడు ముక్కలుగా వేరువేరుగా అంటించండి, మడతల దగ్గర ముడత రాదు. పైన 15 మి.మీ. దగ్గర పంచ్ చేసిన రంధ్రాలు గుడ్డ కింద మూసుకుంటాయి కాబట్టి ఆరాక వెనక నుంచి దబ్బనంతో ఒక్కొక్కటి తెరిచి, కట్టర్ మొనతో శుభ్రం చేయండి.

అంటించిన స్టాండ్‌ను బటర్ పేపర్ల మధ్య చదునుగా పెట్టి, పైన పీట వేసి, దాని మీద బియ్యం డబ్బా పెట్టండి. ఎండలో ఆరబెట్టకండి, ఒకవైపు తొందరగా ఆరి మళ్లీ వంగుతుంది. చలికాలంలో ఒక రాత్రి, మర్నాడు సగం రోజు చాలు. ముసురు పట్టిన రోజుల్లో అయితే రెండు రోజులు ఉంచండి.

పేజీలు, స్టాండ్ అయ్యాక మళ్లీ షాపుకు వెళ్లి వైరు వేయించండి. వరస ఇట్లా: ముందు అట్ట, వెనక అట్ట పై అంచులు కలిపి, వాటి ముందు పేజీలు. వైరు నొక్కాక దాని అతుకు వెనక అట్ట వైపు ఉండేలా తిప్పమనండి. అతుకు పేజీల మధ్యలో ఉంటే తిప్పినప్పుడల్లా రంధ్రం దానికి చిక్కుకుని ఒక్కో పేజీ ఊడి వస్తుంది. షాపులో అక్కడే నిలబడి జనవరి నుంచి డిసెంబర్ దాకా ప్రతి పేజీ తిప్పి చూడండి. ఎక్కడైనా తట్టుకుంటే ఆ పేజీ కింది మూలలు రూపాయి బిళ్ల పెట్టి గీసి గుండ్రంగా కత్తిరించండి. అప్పటికీ తట్టుకుంటే ఆ పేజీ మీది పై పొర ఒకటి తీసేయండి.

ఒక పని ఇంకా మిగిలి ఉంటుంది. తేదీల భాగాన్ని పేజీకి అంటించకుండా, నాలుగు మూలల్లో ఏటవాలు చీలికలు పెట్టి, 100 జీఎస్ఎం కాగితం మీద గీసిన తేదీల చీటీని వాటిలోకి దోపితే, 2028కి చీటీలు మాత్రం కొత్తవి రాసి ఇవ్వొచ్చు. చీలికలు 20 మి.మీ. పొడవు, చీటీ మూలలు లోపలికి 8 మి.మీ. పోయేలా. ఈ పద్ధతి ఎంచుకుంటే అది పేజీలు పంచ్ చేయించిన వెంటనే, ఫోటోలు అంటించకముందే చేసుకోండి. మీకు డిసెంబర్ దాకా టైం ఉంది కాబట్టి ముందుగా ఒక్క ఫిబ్రవరి పేజీ, స్టాండ్ మాత్రం పూర్తిచేసి వారం రోజులు టేబుల్ మీద నిలబెట్టి చూడండి. వంగితే లోపలి కాగితం నార దిక్కు సరిచూసుకోండి, జారితే అడుగు అట్టకు లోపలి వైపు ఇంకో పొర అట్ట అంటించండి.